డ్రాగ్ రేసు ఆటవెలది: టీకా తాత్పర్యం, శంకా సమాధానాలతో

మూలం:

టైరు పట్టు వలయు దారిని విడువక
కడ్డి షాకు స్ప్రింగు కలియవలయు
వంగినంత బరువు వచ్చునంచనుకోకు
కొనకముందె కొలువు కోవిదుండ

అవతారిక. మూలం లేనిదే వ్యాఖ్యకు నిలువనీడ ఉండదు కనుక ఈ పద్యాన్ని వ్యాఖ్యాతే కట్టి, వ్యాఖ్యాతే విప్పుతున్నాడు. తప్పు దొరికితే కవి మీదికి నెట్టే సౌకర్యం ఇక్కడ లేదు. విషయం అమెరికా డ్రాగ్ రేసు. నిలబడ్డ చోటి నుంచి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాక ఈ వీధి సరదాకు ధర్మశాస్త్రం ఏర్పడింది. శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం కారు వెనుక సస్పెన్షన్. ప్రయోజనం మొదటి 60 అడుగులు త్వరగా దాటడం. అధికారి, వారమంతా అదే కారులో ఉద్యోగానికి వెళ్ళి శనివారం రాత్రి దాన్నే పందెం గీత మీద నిలబెట్టేవాడు. సంబంధం అతని కోరికకూ పర్సుకూ మధ్య ఉన్నది. ఉదాహరణగా 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌ను తీసుకుంటున్నాం. అభిమానులు ఫాక్స్ బాడీ అనే ఆ బండి ఇలాంటి అధికారులందరికీ పాతకాపు.

టీక. ‘టైరు పట్టు వలయు’ అని మొదట అనడంలో కవి వరస తప్పలేదు. 60 అడుగులంటే 18.29 మీటర్లు. కారు ఒక జీ (గురుత్వ త్వరణమంత) త్వరణంతో నిలకడగా కదిలితే ఆ దూరానికి 1.93 సెకన్లు పడుతుందని హైస్కూలు లెక్క చెబుతుంది. అదే దూరం 1.5 సెకన్లలో దాటాలంటే సగటున 1.66 జీ కావాలి. గడియారం కారు కాస్త కదిలాకే మొదలవుతుంది కాబట్టి నిజంలో ఈ అంకెలు కొంచెం మెత్తబడతాయి, అంతే. ఇంత తోపు ఇవ్వగల ఇంజన్లు దండిగా ఉన్నాయి. దాన్ని రోడ్డుకు అప్పజెప్పేది మాత్రం వెనుక చక్రాల కింద ఉన్న రెండు రబ్బరు మరకలే. ఆ రబ్బరు జాతిని బట్టి మిగతాదంతా మారుతుంది. బయాస్ ప్లై స్లిక్ టైరుకు పక్క గోడలు మడతపడి ఒత్తిడిని మింగే గుణం ఉంది, గట్టి దెబ్బ తగిలినా ఓర్చుకుంటుంది. డ్రాగ్ రేడియల్‌కు ఆ ఓర్పు తక్కువ. భారం సాఫీగా వచ్చి నిలకడగా ఉండాలి. టైరు తేల్చుకోకుండా సస్పెన్షన్ కేటలాగు తిరగేసేవాడికి పద్యంలోని మిగిలిన మూడు పాదాలూ వ్యర్థం.

పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని మీమాంసకులు ఒప్పుకున్నదే. కనుక రెండో పాదం కంటే ముందు మూడోది చూద్దాం. ‘వంగినంత బరువు వచ్చునంచనుకోకు’. గ్యారేజీల్లో బలంగా నాటుకున్న పూర్వపక్షం ఇది: కారు బయలుదేరేటప్పుడు వెనుక భాగం ఎంత కుంగితే అంత బరువు వెనుక టైర్ల మీదికి వస్తుంది, కాబట్టి మెత్తటి స్ప్రింగులు వేయాలి. కంటికి అలాగే కనిపిస్తుంది. లెక్క మాత్రం ఒప్పుకోదు. ముందు చక్రాల నుంచి వెనక్కి మారే భారం ఎంతో తెలియాలంటే కారు బరువును గరిమనాభి ఎత్తుతోనూ, జీలలో చెప్పిన త్వరణంతోనూ గుణించి, ముందు వెనుక చక్రాల మధ్య దూరంతో భాగించాలి. మనిషితో కలిపి 1500 కిలోలు, గరిమనాభి ఎత్తు అర మీటరు, చక్రాల మధ్య దూరం 2.55 మీటర్లు, త్వరణం ఒక జీ అనుకుంటే సుమారు 294 కిలోలు వెనక్కి మారతాయి. ఈ లెక్కలో కుంగుబాటుకు స్థానమే లేదు. ఇంకా చిత్రం, వెనుక కుంగితే గరిమనాభి కొద్దిగా దిగుతుంది, మారే భారం ఆ మేరకు తగ్గుతుంది. నమస్కారం లోతుగా పెట్టినంత మాత్రాన భక్తి పెరగదు కదా!

దీనికి చరిత్రలో సాక్ష్యం ఉంది. క్రైస్లర్ ఇంజనీర్లు కొందరు రామ్‌చార్జర్స్ పేరుతో జట్టు కట్టి, 1949 నాటి ప్లిమత్ ఒకదాన్ని నిచ్చెన వేసి ఎక్కాలేమో అన్నంత ఎత్తుకు లేపి 1959లో పందేనికి తెచ్చారు. దానికి ‘హై అండ్ మైటీ’ అని పేరు. చూసినవాళ్ళు నవ్వి ఉండవచ్చు, కానీ వాళ్ళు పెంచింది పై లెక్కలోని ఎత్తునే. 1965లో క్రైస్లర్ మరో అడుగు వేసి, కొన్ని పందెం కార్లలో వెనుక ఇరుసును 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపింది. అప్పుడు కారు కదలకముందే బరువు వెనుక చక్రాల మీద కూర్చుంది. బరువును ఎలా రాబట్టాలో ఎరిగినవాళ్ళు కుంగుబాటు జోలికి పోలేదు. మన అధికారికి ఈ రెండు దారులూ మూసుకుపోయాయి. మస్టాంగ్ గరిమనాభిని 5 సెంటీమీటర్లు లేపినా అదనంగా దక్కేది 30 కిలోలే, పైగా సోమవారం ఉదయం మలుపుల్లో ఆ ఎత్తు ప్రాణం మీదికి తెస్తుంది.

శంక. భారం మొత్తం ముందే ఖరారైతే సస్పెన్షన్ మార్చడం దేనికి? సమాధానం. ఎంత అన్నది ఖరారైంది; ఏ దారిన, ఎంత త్వరగా అన్నది కాలేదు. రెండో పాదం దీని గురించే. ఇరుసును కారుకు కలిపే పై కడ్డీలను, కింది కడ్డీలను పక్క నుంచి చూస్తూ గీతలుగా ముందుకు పొడిగిస్తే అవి ఒక చోట కలుస్తాయి. ఆ కూడలిని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. టైరు నేలను తాకే చోటి నుంచి ఆ కూడలి మీదుగా గీసిన గీత, ముందు ఇరుసు నిలువుగీత దగ్గరకు వచ్చేసరికి గరిమనాభి ఎత్తులో ఉంటే వెనుక భాగం కుంగదు, లేవదు. దాన్ని నూరు శాతం యాంటీ స్క్వాట్ అంటారు. గీత అంతకంటే పైన పోతే తోపు కడ్డీల గుండా టైరును వెంటనే నేలకు అదుముతుంది, కారు వెనుక భాగం పైకి లేస్తుంది. కిందికి పోతే మిగిలిన భారం స్ప్రింగు నొక్కుకునే దాకా ఆగి, తీరిగ్గా వస్తుంది. పందెం గీత మీద పచ్చదీపం కోసం నిలబడ్డవాడికి ఆ తీరిక ఖరీదైనది. ఇక్కడొక లోకరీతి చెప్పుకోవాలి. అందం కోసం కారును కిందికి దించే స్ప్రింగులు వేస్తారు. కింది కడ్డీల ముందు కొనలు దిగిపోతాయి, కూడలి చెదురుతుంది, యాంటీ స్క్వాట్ పడిపోతుంది. తరువాత పట్టు లేదని ఇంజన్‌ను తిడతారు. కింది కడ్డీల వెనుక కొనను ఇరుసు దగ్గర కిందికి దించే బ్రాకెట్లు ఈ పాపానికి చవకైన ప్రాయశ్చిత్తం.

‘కలియవలయు’ అనడంలో షాక్ అబ్జార్బర్‌కూ వాటా ఉంది. కడ్డీలు టైరును అదుముతుంటే కారు పైకి లేస్తుంది. ఎంత వేగంగా లేవాలో చెప్పేది షాక్ సాగేటప్పటి బిగువు. అది మరీ వదులైతే మొదటి దెబ్బ బలంగా పడి, సాగుడు అయిపోగానే టైరు మీద భారం సడలుతుంది. అందుకే పందెం గీత మీదే టైరు జారడం వేరు, పట్టుకుని కాస్త దూరం పోయాక జారడం వేరు. మొదటిది దెబ్బ ఎక్కువైన గుర్తు కావచ్చు. రెండోది తరచుగా షాక్ దెబ్బను నిలబెట్టలేకపోయిన గుర్తు. బిగువు మార్చుకునే షాకులు ఉంటే ఇదంతా జాకీ ఎత్తకుండానే సరిచేసుకోవచ్చు.

మరో శంక. కడ్డీల కొనల్లోని రబ్బరు బుష్షులన్నీ పీకేసి గట్టివి వేస్తే శక్తి వృథా కాదు కదా? కింది కడ్డీల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. పై కడ్డీల విషయంలో ప్రమాదం. ఫాక్స్ మస్టాంగ్ పై కడ్డీలు ఏటవాలుగా ఉండి ఇరుసు పక్కకు జరగకుండా కూడా ఆపుతాయి. ఒక చక్రం గతుకెక్కితే అవి మెలికపడాలి. రబ్బరు ఆ మెలికను ఓర్చుకుంటుంది, గట్టి పాలీయురథేన్ ఓర్చుకోదు. అప్పుడు సస్పెన్షన్ బిగుసుకుని ఆ బలమంతా కడ్డీలు అతికిన టార్క్ బాక్సుల మీద పడుతుంది. ఈ బండ్లలో ఆ రేకు చిరగడం, వెల్డింగ్ చుక్కలు ఊడడం అందరూ ఎరిగిన జబ్బే. కాబట్టి పై కడ్డీకి ఇరుసు వైపు రబ్బరో, గుండ్రంగా తిరిగే జాయింటో ఉండాలి. రెండోది చప్పుడు చేస్తుంది. పక్క సీటులో కూర్చునేవారి సమ్మతి ముందుగా తీసుకోవడం మేలు.

ఇక పెద్దల ఉదాహరణ చూపి శంకించేవారున్నారు: వేగంగా పోయే కార్లన్నీ ల్యాడర్ బార్లో, పూర్తి ఫోర్ లింకో అనే పందెపు ఇరుసు కడ్డీలు వేస్తుంటే మనకెందుకీ బ్రాకెట్లు? ల్యాడర్ బార్లు తిన్నగా పోవడానికి బాగుంటాయి. ఒక చక్రం మాత్రమే గతుకెక్కే వీధిలో బిగుసుకుంటాయి, పైగా కారు అడుగు కోయాలి. వారమంతా నడిపే బండితో ఆ పనికి మనకు అధికారం లేదు. ఒక్కో చక్రం విడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ డ్రాగ్ రేసుకు పనికిరాదన్న వాదమూ చెల్లదు. ఫోర్డ్ తన కోబ్రా జెట్ పందెం మస్టాంగ్‌లకు దాన్ని తీసేసి గట్టి ఇరుసే వేసిన మాట నిజమే. కానీ 2018 నాటి డాడ్జ్ డెమన్ స్వతంత్ర సస్పెన్షన్‌తోనే, డ్రాగ్ రేడియల్స్ మీద ముందు చక్రాలు గాలిలోకి లేపింది.

‘కొనకముందె కొలువు’. ఇది విధివాక్యం. డ్రైవరును సీటులో కూర్చోబెట్టి నాలుగు చక్రాల కింద బరువు తూచాలి. కడ్డీల కొనలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో రాసుకోవాలి. బయలుదేరే క్షణంలో వెనుక టైరును ఫోన్‌తో నెమ్మది చలనంలో చిత్రించాలి. వీటికి పెద్దగా ఖర్చు లేదు, అందుకే కాబోలు ఎవరూ చేయరు. ఇరుసుకు శక్తి అందించే పళ్ళచక్రం (పినియన్) ముక్కు భారం పడ్డప్పుడు పైకి తిరుగుతుంది కాబట్టి నిలకడగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు కిందికి చూడాలన్నదీ ఈ కొలతల్లోదే. మెత్తటి బుష్షులకు ఆ వంపు ఎక్కువ కావాలి, గట్టి జాయింట్లకు తక్కువ చాలు.

తాత్పర్యం. మన మస్టాంగ్‌వాడు ముందు టైరు నిర్ణయించుకుని, టార్క్ బాక్సులకు బలం కట్టించి, కింది కడ్డీలు బ్రాకెట్లతో సహా వేయించి, తరువాత సర్దుకునే షాకులకు డబ్బు పెట్టాలి. పై కడ్డీలు ఆ తరువాత. యాంటీ రోల్ బారు చివరిది: ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలిక వెనుక ఎడమ టైరును అదిమి కుడి టైరును తేలికపరుస్తుంది, దాన్ని ఆ బారు సమం చేస్తుంది, అంతవరకు కుడి స్ప్రింగులో ఒక గాలి సంచి పెట్టుకుంటే సరిపోతుంది.