చిక్కంలో బంతి

చాట్రాయి దగ్గర ఒక మామిడితోట. ఆ తోటలో కాపలా పాక. పాక వాసానికి గెడ విరిగిన పాత చిక్కం ఒకటి వేలాడుతుంటుంది. అందులో ఉండేది నేను. కోతలకు కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి, ఎండిన తాటికాయను ఎవరో దాచిపెట్టారనుకుంటారు. ఒకసారి ఒకామె కిందికి దించి, నొక్కి చూసి, "ఇదేం కాయమ్మా, ముచ్చికన్నా లేదు" అంటూ మళ్ళీ అందులోనే పడేసింది.

కాయను కాను. ఫుట్‌బాల్‌ని. పద్దెనిమిది తోలుముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, నోటికి తోలుతాడు బిగించి నన్ను చేశారు. అప్పట్లో నిబంధన ప్రకారం నా చుట్టుకొలత 27, 28 అంగుళాల మధ్య, బరువు 14, 16 ఔన్సుల మధ్య. ఇప్పుడా కొలతలు లేవు. బ్లాడరు చిరిగిపోయి చాలా ఏళ్ళయింది. కడుపునిండా కొబ్బరిపీచు.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఏ ఫైనల్లోనూ ఆడలేదు. ఢిల్లీ చూడలేదు, బొంబాయి చూడలేదు. నేను ప్రాక్టీసు బంతిని. కాకపోతే ఆ ఊళ్ళలో కప్పులు గెలిచిన కాళ్ళు అంతకుముందు నన్ను తన్నిన కాళ్ళే. పెళ్ళిలో అక్షింతలు వేసేవాళ్ళు వేరు, తెల్లారకముందే వచ్చి పందిరి వేసి వెళ్ళేవాళ్ళు వేరు. నేను పందిరి వేసే జాతి.

హైదరాబాదులో పోలీసు స్టోర్సుకు నేను చేరింది 1960లో. అంతకు ఏడాది ముందే జట్టు పేరు మారింది. హైదరాబాద్ సిటీ పోలీస్ కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. స్టోర్సులో పెట్టెల మీద మాత్రం ఇంకా పాత పేరే. మాకు గాలి కొట్టేది ఒక కుర్ర కానిస్టేబులు. కృష్ణాజిల్లా చాట్రాయి నుంచి వచ్చాడు. ఆట రాదు, చూడ్డం పిచ్చి. తడిసిన తోలుబంతి రాయితో సమానం. తాడు ముడి నుదుటికి తగిలిందంటే హెడ్ చేసినవాడికి పట్టపగలే చుక్కలు. అతను మమ్మల్ని నీడన ఆరబెట్టి, ఆముదం పట్టించి, ముడిని వేలితో లోపలికి నొక్కేవాడు. ఆ పనిలో అతని చెయ్యి మంచిదని ఆటగాళ్ళకు గురి.

స్టోర్సు మూల బుట్టలో ముసలి బంతులు కొన్ని ఉండేవి. వాటి దగ్గరే నా చదువు. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఆడినప్పుడు ఎదురుగా రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టు. అందులో ఇంగ్లండ్ క్రికెటరుగా పేరున్న డెనిస్ కాంప్టన్. దొరల జట్టును మన పోలీసులు ఓడించి వచ్చారు. ఆ కథ చెప్పేటప్పుడు ఒక ముసలి బంతికి గాలి లేకపోయినా ఛాతీ ఉబ్బేది.

తర్వాత 1950 కథ. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో పుట్టింది. పెట్టినవాడు మార్టిమర్ డ్యూరాండ్. తర్వాత అఫ్గానిస్తాన్ సరిహద్దు గీతకు పేరిచ్చిన దొర ఆయనే. ఆసియాలో అంత పాత ఫుట్‌బాల్ పోటీ ఇంకొకటి లేదు. చాలాకాలం అది తెల్ల పటాలాల సొత్తు. 1940లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచేదాకా భారతీయ జట్టు ఏదీ దాన్ని ఎత్తలేదు. ఆ తర్వాత పోటీ ఆగిపోయి, 1950లో మళ్ళీ మొదలైంది. ఫైనల్లో మనవాళ్ళకు మోహన్ బగాన్ తగిలింది. మొదటిరోజు ఎటూ తేలలేదు. మళ్ళీ ఆడారు, గెలిచారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక డ్యూరాండ్ గెలిచిన మొదటి జట్టు హైదరాబాద్ పోలీసే.

అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా కొట్టారు. 1951లో మళ్ళీ కొట్టారు. 1952, 1953, 1954. వరసగా అయిదు. లీగు పోటీలో అయితే ఒకనాడు ఓడినా మరునాడు కూడదీసుకోవచ్చు. రోవర్స్ నాకౌట్. ఓడినవాడు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోవాలి. అయిదేళ్ళు వరసగా గెలవడమంటే అయిదేళ్ళపాటు ఆ పోటీలో ఒక్కసారి కూడా ఓడకపోవడం.

గెలుపులే చెప్పి ఊరుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. 1952, 1956 డ్యూరాండ్ ఫైనల్స్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. మధ్యలో 1954లో కప్పు తెచ్చారు. 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను ఫైనల్లో ఓడించి బాకీ తీర్చుకున్నారు.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. అసలు బడిపంతులు. స్టోర్సులో అందరికీ రహీం సాబ్. ఇండియా జట్టుకూ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన హయాంలోవే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్ లాంటి పోలీసు జట్టువాళ్ళు దేశం తరఫున ఆడారు.

పంతులు కదా, ఆయన పెట్టే పరీక్షలు కూడా వింతగానే ఉండేవి. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని డ్రిబ్లింగ్ చెయ్యకూడదని ఒక పోటీ. అందిన బంతి అందినట్టే వెళ్ళిపోవాలి. చేతకాని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. కుడికాలి మొనగాళ్ళంతా ఎడంకాలితో తన్నాలి. ఆ పద్ధతి ప్రాక్టీసులో దిగినరోజు నా బతుకు చూడాలి. ఒకడు తంతే ఇటు, ఇంకొకడు తంతే అటు, మూడోవాడి తన్నుకు కంచె అవతల. ముళ్ళలోంచి నన్ను ఏరి తెచ్చేది మా కానిస్టేబులే. వారాలు గడిచేకొద్దీ నేను కంచె దాకా పోవడం తగ్గింది. నెలలు గడిచాక, కళ్ళు మూసుకుంటే తగిలింది కుడికాలో ఎడంకాలో నాకే తెలిసేది కాదు. నాకౌట్‌లో ఆఖరి నిమిషాన బంతి మంచి కాలి మీదికే వస్తుందని రాసిపెట్టి ఉండదు. అందుకే ఆ తిప్పలు.

నా కాలంలోనూ కప్పులకు కొదవ లేదు. 1960లో రోవర్స్. 1961లో మోహన్ బగాన్ మీద డ్యూరాండ్. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్ పంచుకున్నారు. 1963లో మళ్ళీ రోవర్స్. నేనిక్కడ చెప్పని రోవర్స్ ఒకటి కూడా కలిపి లెక్క చూస్తే డ్యూరాండ్ నాలుగు, రోవర్స్ తొమ్మిది. డ్యూరాండ్ గెలిస్తే మూడు కప్పులిస్తారు. అసలు డ్యూరాండ్ కప్పు, సిమ్లావాసులు ఇచ్చిన సిమ్లా ట్రోఫీ, ఇవి రెండూ తిరుగుడు కప్పులు. ఏడాది ఇంట్లో ఉంటాయి, ఆనక వెళ్ళిపోతాయి. 1956 నుంచి ఇస్తున్న రాష్ట్రపతి కప్పు ఒక్కటే గెలిచినవాళ్ళకు మిగిలేది.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. జకార్తా బంగారానికి ఏడాది కూడా నిండలేదు. ఆ ఏడాదే డ్యూరాండ్ ఫైనల్ చేరి మోహన్ బగాన్‌కు ఓడారు. తర్వాత ఆ కప్పు మీద మన పేరు పడలేదు. పోలీసు జట్టులో జీతముంది, ఉద్యోగ భద్రత ఉంది. కలకత్తాలో మాత్రం ఊరంతా నీ పేరు పలుకుతుంది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి పెద్దవాడయ్యాడు. నయీముద్దీన్ మా జట్టునుంచే కలకత్తా వెళ్ళాడు. వాళ్ళను తప్పుపట్టను. ఈ తోటల్లోకి వచ్చాక నాకు అర్థమైన లెక్క ఒకటుంది. చేతిలో డబ్బులాడని రైతు పూత మీదే తోటను గుత్తకిచ్చేస్తాడు. చెట్టు అక్కడే ఉంటుంది, నీళ్ళు పెట్టేదీ అతనే, కాయ మాత్రం ఇంకొకరి బండెక్కుతుంది.

కుట్లు ఊడి, ఒక పక్కకు ఒరిగిన నన్ను ఒకరోజు కండెమ్ లెక్కలో రాశారు. కాల్చేసే కుప్పలోంచి అడిగి తీసుకున్నవాడు మా కానిస్టేబులే. అలా రేకు ట్రంకులో, ఖాకీ బట్టల మధ్య చాట్రాయి చేరాను.

ఇక్కడ కాలానికి గుర్తు పూతా కాయా. సంక్రాంతి దాటితే తోటంతా పూత వాసన. తేనెమంచు పడుతుంది, మసి పడుతుంది. పిందె కట్టాక ఎండకు కొంత, గాలికి కొంత రాలుతుంది. ఒక వేసవి పొద్దున గాలిదుమారం వెలిశాక, నేలంతా పరుచుకున్న పిందెల మధ్య మా కానిస్టేబులు మనవడు అడిగాడు. "తాతయ్యా, నాకౌట్ అంటే ఏంటి?"

"చెట్టుమీద ఎంత పూత చూశావురా?"

"చెట్టంతా."

"అందులో ఎన్ని పిందెలయ్యాయి? వాటిలో రాత్రి గాలికి ఎన్ని నిలిచాయి? రేపింకో గాలి వస్తుంది. ఆఖర్న రసం పట్టేది గుప్పెడు కాయ. అదేరా నాకౌట్."

"మరి రాలినవి ఓడినట్టేనా?"

ఆయన కింద పడ్డ పిందెలు ఏరుతూ, "ఊరగాయకు పనికొస్తాయిరా పిచ్చోడా" అన్నాడు.

చిక్కంలోంచి వింటున్న నాకు ఎందుకో తోలు బిగిసినట్టయింది.

ఇప్పుడు చాట్రాయి ఏలూరు జిల్లాలో ఉంది. మనవడు ఫోనులో డ్యూరాండ్ చూస్తాడు. 2024, 2025లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ కప్పు ఎత్తింది. రోవర్స్ అయితే ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. మనవడు పాత విజేతల పట్టీ పైకి జరిపి, 1961 దగ్గర ఆగి, "తాతయ్యా, మీ పేరుంది" అన్నాడు. ఆయన పేరు కాదు, జట్టు పేరు. ముసలాయన సరిదిద్దలేదు. ఎనభై అయిదేళ్ళవాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మర్నాడు మనవడు నన్ను చిక్కంలోంచి దించాడు. రసాల చెట్టుకింద నిలబడి కుడికాలు వెనక్కి లాగాడు.

"ఆగు" అన్నాడు ముసలాయన మంచంమీంచి. "ఎడంకాలితో."

"రాదు తాతయ్యా."

"వచ్చేదాకా తన్ను."

తన్నాడు. పీచు బంతిని, ఎగరలేను. వంకరగా దొర్లి కంచెలో పడ్డాను. ముసలాయన మంచం దిగి, కర్ర ఊతంతో నడిచొచ్చి, ముళ్ళు తప్పించి నన్ను తీశాడు. తాడు ముడి పైకి తేలి ఉంది. బొటనవేలితో లోపలికి నొక్కి, పిల్లాడి ఎడంకాలి ముందు పెట్టాడు.