ధైర్యం తెచ్చుకోకండి, బండి తోయండి

పెద్ద దెబ్బ తగిలి, ఏళ్ళ తరబడి డర్ట్ బైక్ జోలికి పోని మనిషి మళ్ళీ ఎక్కుతానంటే నలుగురూ చెప్పే మాటలు దాదాపు ఒకటే. ధైర్యం తెచ్చుకో. పడ్డ చోటికే పోయి ఆ మలుపు తిప్పి రా. పాత బండే బయటికి తియ్, చేతికి అలవాటైంది కదా. బాగా నడిపేవాళ్ళ వెనక పో, చూస్తుంటే అదే వచ్చేస్తుంది. అన్నీ ప్రేమతో చెప్పేవే. వీటిలో ఒక్కటి కూడా వినకండి. నేను చెప్పేవి వీటికి పూర్తిగా తలకిందులుగా ఉంటాయి, చాలామంది రైడర్లు ఒప్పుకోరు కూడా. కాలర్‌బోన్‌లో ప్లేటుతో ఇవాళ్టికీ ఎర్రమట్టిలో తిరుగుతున్నవాణ్ణి. నేను చెప్పేవాటి మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

ముందు భయం సంగతి. దాన్ని పోగొట్టుకోవాలని చూడకండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల చుట్టుపక్కల దారులు చూసినవాళ్ళకు తెలుసు: కింద నేల గట్టిగా ఉంటుంది, పైన మొరం గులకరాళ్ళు వదులుగా పరుచుకుని ఉంటాయి. ఆ రాళ్ళ మీద ముందు బ్రేకు గబుక్కున పట్టుకుంటే చక్రం పక్కకు లాగేసుకుపోతుంది. ఈ విషయం ఒకసారి పడ్డ ఒంటికి తెలిసినంతగా ఏ పుస్తకం చదివినవాడికీ తెలియదు. మీ భయం అంటే ఆ తెలిసినతనమే. దాన్ని వదిలించుకుని బండెక్కితే, తెలిసినదాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళినట్టే. చేయాల్సిన పని, ఆ భయం సరిగ్గా ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం. దిగుడులోనా? ఇసుకలోనా? వెనక నుంచి ఇంకో బండి శబ్దం వినిపించినప్పుడా? దిగుడులో అయితే దిగుడులో బ్రేకు వేయడం మళ్ళీ నేర్చుకోవాలి. వెనక శబ్దానికైతే ఒంటరిగా ట్రాక్ దొరికే వేళకు వెళ్ళాలి. అంతటా భయమే, ఫలానా చోటంటూ లేదనిపిస్తే ఆ రోజు తిరిగి వచ్చేయండి. నిద్రలో ఆ పడటం మళ్ళీ మళ్ళీ వస్తున్నా, ఇంజిన్ శబ్దానికే చెమటలు పడుతున్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. ఎముకల డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళారో అలాగే.

బండి చేతికొచ్చింది కదా అని స్టార్ట్ చేయకండి. మొదట్లో కొన్ని ఆదివారాలు ఇంజిన్ ముట్టుకోకుండా తోయండి. ఖాళీ గ్రౌండ్‌లో న్యూట్రల్‌లో పెట్టి, ఎడమ పక్క నిలబడి ఎడమకో చుట్టు, కుడికో చుట్టు. తర్వాత కుడి పక్క నుంచి కూడా. దెబ్బ తిన్న వైపును ఒళ్ళు మనకు తెలియకుండానే దాచుకుంటుంది. అలాంటి మనిషి ఎప్పుడూ ఒక్క పక్క నుంచే బండి తోస్తాడు, ఆ పక్కకే తిప్పుతాడు. మలుపుల్లో అదే బయటపడుతుంది. తోస్తూనే చూపుడువేలు ఒక్కటి ముందు బ్రేకు మీద వేసి మెల్లగా లాగండి. ఫోర్కులు ఎంత కుంగుతున్నాయో చూడండి. ఇంకా లాగితే ఒక దగ్గర చక్రం తిరగడం ఆగిపోయి మట్టిలో గీత గీస్తుంది. ఆ గీత మొదలైన చోటే టైరు పట్టు పోయిన చోటు. లీవరు ఎంత దూరం వచ్చాక అది జరిగిందో వేలికి గుర్తుండేదాకా ఇదే చేయండి. మట్టి మారితే ఆ దూరం మారుతుంది, కాబట్టి మట్టి మార్చి కూడా చేయండి.

తోయడం అయ్యాక బండిని మెల్లగా నేల మీద పడుకోబెట్టి లేపండి. దీనికి ఒక పద్ధతి ఉంది. కిల్ స్విచ్ నొక్కాలి, పెట్రోల్ ట్యాప్ ఉంటే కట్టేయాలి, దొర్లకుండా గేరులో పెట్టాలి. కుడి పక్కకు పడి ఉంటే లేపకముందే సైడ్ స్టాండ్ దించి ఉంచాలి, లేదంటే లేపిన ఊపుకు అవతలికి పడుతుంది. ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్, ఇంకో చేత్తో సీటు కింద గట్టిగా ఉన్న ఫ్రేము పట్టుకుని, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, కాళ్ళ బలంతో లేవాలి. నడుముతో లాగితే నడుమే పోతుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటి బండి 150 కిలోలు దాటుతుంది. రెండుసార్లు లేపేసరికి మెడ వెనక చెమట కారుతుంది, ముంజేతులు వణుకుతాయి. మూడోసారి లేపలేకపోతే ఇంకా ట్రెయిల్‌కు వెళ్ళే వేళ రాలేదని అర్థం. అక్కడ పడ్డ బండిని ఇలాగే, వాలు మీద, ఎండలో, గుండె దడదడలాడుతుండగా లేపాలి. లేపి అలసిపోయిన చేతులతోనే క్లచ్ పట్టాలి. రెండో పడటం చాలాసార్లు ఆ అలసట వల్లే వస్తుంది.

పడకుండా నడపడం నేర్చుకోమని అందరూ అంటారు. మీరు ముందు పడటం నేర్చుకోండి. జూడోలో మొదటి పాఠమే పడటం, దాన్ని ఉకేమి అంటారు. మీ ఎముకల డాక్టరు సరేనన్నాక, దగ్గర్లో జూడో నేర్పేవాళ్ళు ఉంటే కొన్నాళ్ళు వెళ్ళండి. పడేటప్పుడు అరచేయి నేలకు చాపడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. బొటనవేలి మొదట్లో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం అందేదే తక్కువ కాబట్టి విరిగితే అతుక్కోవడానికి నెలలు పట్టవచ్చు. ఒక్కోసారి మొదటి ఎక్స్‌రేలో ఆ విరుగు కనిపించదు కూడా. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు లోపలికి తీసుకుని, భుజం వెనక భాగం మీదుగా దొర్లడం మెత్తని పరుపు మీద నేర్చుకోండి. అలవాటు మారడానికి చాలాసార్లు చేయాలి. బండిని వదిలేయడం కూడా నేర్చుకోవాల్సిందే. ఒరిగిపోతున్న బండిని కాలు ఆన్చి ఆపాలని చూస్తే మోకాలు మెలిపడుతుంది. ఇండికేటర్ విరిగితే విరగనివ్వండి. వాలులో అడ్డంగా వెళ్తుంటే ఎత్తు వైపుకే పడండి. అటు నేల దగ్గరగా ఉంటుంది, బండి మీద పడదు.

ఇక ఎక్కడం. డర్ట్ బైక్ ఎక్కకండి, టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఎక్కండి. ఈ మాటకు మన కుర్రాళ్ళు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. గేర్లు లేవు, క్లచ్ లీవరు లేదు, వేగం లేదు, పాదాలు రెండూ నేలకు ఆనుతాయి. పచ్చిగడ్డి మోపు వెనక కట్టుకుని పొలం గట్టు మీద ఎక్స్‌ఎల్ తోలుకుపోయే రైతును దగ్గర్నుంచి గమనించండి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోడు. ముందు చక్రం రాయి తగిలి పక్కకు తిరిగితే తిరగనిస్తాడు, అదే మళ్ళీ దారికొస్తుంది. చూపు చక్రం ముందు ఉండదు, గట్టు మలుపు తిరిగే చోట ఉంటుంది. మోచేతులు వదులుగా, పిరుదులు సీటు మీద సగం లేచి ఉంటాయి. మోటోక్రాస్ కోచ్‌లు మొదట నేర్పేవి కూడా ఇవే: వదులు చేతులు, దూరపు చూపు, పెగ్‌ల మీద బరువు. దెబ్బ తిన్న మనిషికి మొదట పోయేది చూపే. భయమున్న రాయినే చూస్తాడు, బండి ఆ రాయి మీదికే పోతుంది. నెమ్మదిగా పోయే బండి మీద చూపు దూరానికి వేయడం కుదురుతుంది. హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు మాత్రం ఎక్స్‌ఎల్ మీద కూడా వేసుకోండి, ఊరివాళ్ళు వింతగా చూసినా సరే.

పాత బండి అమ్మేయండి. చేతికి అలవాటైన బండి అంటే పాత వేగానికి అలవాటైన బండి. మలుపులోకి వెళ్ళగానే చెయ్యి అప్పటి థ్రాటిలే అడుగుతుంది, ఇప్పటి మెడ, నడుము అంత తట్టుకోవు. పైగా అంత గట్టిగా పడ్డ బండి ఫ్రేము, ఫోర్కులు నిజంగా సరిగ్గా ఉన్నాయో లేదో కంటితో చెప్పడం కష్టం. కొత్తది చిన్నది తీసుకోండి. కవాసాకి కేఎల్‌ఎక్స్ 110 పిల్లల బండిలా ఉంటుంది, పెద్దవాళ్ళు ఎక్కితే మోకాళ్ళు పైకి వస్తాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి బండి నాకు కనిపించలేదు. రోడ్డు మీద నడపకూడదు కాబట్టి ట్రాలీలో తీసుకెళ్ళాలి.

బండి మీద మిగిలిన డబ్బు ఒంటి మీద పెట్టండి. ఆ రోజు మీ తలను కాపాడిన హెల్మెట్‌ను గుర్తుగా దాచుకోవచ్చు, పెట్టుకోకూడదు. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి తన పని చేసేస్తుంది, రెండోసారి చేయలేదు. బూట్లు మోకాలి కిందిదాకా ఉండే మోటోక్రాస్ బూట్లే కావాలి. నెక్ బ్రేస్ గురించి డాక్టరునూ కోచ్‌నూ ఇద్దర్నీ అడగండి. దక్షిణాఫ్రికా డాక్టరు క్రిస్ లీట్ తోటి రైడర్ ఒకరు చనిపోవడం చూశాకే ఆ పరికరం తయారీకి పూనుకున్నాడు.

తోడు విషయంలో నా సలహా అందరికన్నా విడ్డూరంగా ఉంటుంది. బాగా నడిపేవాళ్ళతో వెళ్ళకండి, అసలు నడపనివాళ్ళను తీసుకెళ్ళండి. కారులో వచ్చి చెట్టు కింద కూర్చునే బావమరిదో చెల్లెలో చాలు. ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా ఉందో, 108 బండి ఎక్కడిదాకా రాగలదో, మీ బ్లడ్ గ్రూప్ ఏమిటో వాళ్ళకు తెలిసి ఉండాలి. ముందు పోయే మంచి రైడర్‌ను చూస్తూ నడిపితే అతని వేగమే మీ వేగం అయిపోతుంది. నేర్చుకోవాలంటే కోచింగ్‌కు వెళ్ళి, పాత అనుభవం చెప్పకుండా, ఎన్నడూ నడపనివాళ్ళ బ్యాచ్‌లో చేరండి. కోలార్ దగ్గర ర్యాలీ రైడర్ సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్ మన రాయలసీమవాళ్ళకు దగ్గరే. 2013లో అబుదాబీ డెసర్ట్ ఛాలెంజ్‌లో బండికి నిప్పంటుకుని సంతోష్ ఒళ్ళు కాలింది. 2015లో డాకర్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు, 36వ స్థానంలో. 2021 డాకర్‌లో పడి తలకు దెబ్బ తగిలితే, డాక్టర్లు మందులతో కోమాలో ఉంచారు. పడటం అంటే ఏమిటో తెలిసిన మనిషి మొదలుపెట్టిన చోట మీ భయాన్ని కొత్తగా వివరించాల్సిన పని ఉండదు.

పడ్డ చోటికి వెళ్ళి పగ తీర్చుకోమనే సలహా అన్నిటికన్నా ప్రమాదం. దీనికి బెంగళూరు రైడర్ ఐశ్వర్య పిస్సే కథ చూడండి. 2018లో స్పెయిన్‌లో బాహా అరగాన్ ర్యాలీలో ఆమె పడినప్పుడు క్లోమం చిట్లింది. మరుసటి ఏడాది ఎఫ్‌ఐఎమ్ బాహాస్ ప్రపంచ కప్‌లో మహిళల టైటిల్ గెలిచింది. అందరూ ఇక్కడే ఆగి చప్పట్లు కొడతారు. ఆ టైటిల్ ఎలా వచ్చిందో చూడాలి. దుబాయ్‌లో గెలిచింది. పోర్చుగల్‌లో మూడో స్థానం, స్పెయిన్‌లో ఐదు, హంగేరీలో నాలుగు. మొత్తం 65 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్నామెకన్నా నాలుగు ఎక్కువ. అంటే, ముందు ఏడాది పడ్డ ఆ స్పెయిన్‌లో ఆమెకు దక్కింది ఐదో స్థానం. గమ్యం చేరినందుకు వచ్చిన ఆ కాసిని పాయింట్లు కూడా టైటిల్‌లో ఉన్నాయి. మీరూ నేనూ ప్రపంచ కప్ ఆడటం లేదు. అయినా మీరు పడ్డ దారిలోనే వెళ్ళాల్సి వస్తే ఐదో స్థానంలా వెళ్ళండి. ఆ మలుపు దగ్గర దిగి బండి తోసుకుంటూ దాటినా దాటినట్టే.

బాగా నడుస్తున్నప్పుడే ఆపేయండి. ‘ఇంకో రౌండ్’ అని నోటికి రాగానే దిగి బూట్ల బకిల్స్ విప్పేయండి. ముంజేతులు బిగిసిపోయి వేళ్ళు లీవరు మీద ఆలస్యంగా కదిలే సమయం సరిగ్గా ఆ ఉత్సాహం వెనకే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్పకండి. ఆస్పత్రి కారిడార్‌లో కూర్చున్నది వాళ్ళు, వాళ్ళ భయానికి కారణం ఉంది. ‘ఏం కాదమ్మా’ అన్న మాట అబద్ధమని అమ్మకు తెలుసు. ఏం కావచ్చో చెప్పండి. ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు, ఎవరు తోడున్నారు, ఆరోగ్య బీమా కాగితంలో సాహస క్రీడల గురించి ఏం రాసి ఉంది, అన్నీ కూర్చోబెట్టి చెప్పండి. ఈ వారం వద్దని వాళ్ళు అంటే ఆ వారం మానేయండి, కారణం అడగకుండా.

మొదలుపెట్టడానికి ఎండాకాలం పనికిరాదు, మొరం మరీ వదులవుతుంది. వానలు ముమ్మరంగా పడుతుంటే నల్లరేగడి వైపు అసలు పోకండి, మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. దసరా దాటాక, ఎర్రనేలలో ఇంకా కొంచెం తడి ఉన్నప్పుడు పట్టు బాగుంటుంది. ఆ చలికాలమంతా ఇలా చేసి చూశాక కూడా ట్రాలీ ఎక్కించిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంటే, దిగి వచ్చాక కూడా సంతోషం లేకపోతే, బండి అమ్మేయండి. అమ్మేటప్పుడు బూట్లు విడిగా అమ్మకండి. మీ సైజు పాదమున్న కొత్త కుర్రాడెవరైనా కొంటుంటే వాటిని బండితోపాటే ఇచ్చేయండి. మంచి బూట్ల ఖరీదు చూసి చాలామంది మామూలు షూలతోనే మొదలుపెడుతున్నారు.