ఈ సలహాలు ఎవరు చెప్పినా వినకండి

ఆసుపత్రి ల్యాబులో నా రోజు కల్చర్ ప్లేట్లతో మొదలవుతుంది. రోగి మూత్రంలోంచి పెంచిన బ్యాక్టీరియాను ప్లేటంతా పూసి, మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్లలు దాని మీద పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచుతాం. మందు పనిచేస్తే తెల్లారేసరికి బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా, గచ్చు మీద నాచులా పాకి ఉంటుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి, లొంగితే 'ఎస్', లొంగకపోతే 'ఆర్' అని రిపోర్టులో రాస్తాం.

ఒక పెద్దావిడ రిపోర్టులో నోటితో వేసుకునే మాత్రలన్నిటికీ వరసగా 'ఆర్' రాయాల్సివచ్చింది. మూత్రంలో మంట వచ్చినప్పుడల్లా తెలిసినవాళ్లు చెప్పిన మాత్రలు తెచ్చి వేశామని కూతురు చెప్పింది. చివరికి నరానికి ఎక్కించే మందు ఒక్కటే మిగిలింది. మామూలు మాత్రలతో ఇంట్లోనే తగ్గాల్సిన జబ్బుకి ఆవిడ పది రోజులకు పైగా వార్డులో పడుకున్నారు. మాత్రలు చెప్పినవాళ్లలో ఆవిడకి చెడు కోరినవాళ్లెవరూ లేరు. ఇలాంటి సలహాలన్నీ ప్రేమతోనే వస్తాయి. అందుకే కాదనడం కష్టం, అందుకే నేనింత గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, "జలుబూ గొంతునొప్పీ అయితే అజిత్రోమైసిన్ మూడ్రోజులు వేసుకో, నాకు దాంతోనే తగ్గింది" అన్న మాట. జలుబు వైరస్ వల్ల వస్తుంది. గొంతునొప్పీ చాలాసార్లు అంతే. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. వారంలో దానంతటదే తగ్గే జబ్బు తగ్గుతుంది, పేరు మాత్రకి వస్తుంది. ఈలోగా ఆ మాత్ర మన పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాను చంపుతుంది. మందుకి లొంగనివి ఏ నాలుగో ఉంటే అవి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. అనుకూలిస్తే ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. పైగా మందుని తట్టుకునే జన్యువుని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా చేబదులిచ్చినట్టు ఇచ్చేస్తుంది.

"నేను మందులు ముట్టను, నాకేం భయం" అనే ధైర్యం కూడా తప్పే. చాలామంది శరీరం మందుకి అలవాటు పడుతుందనుకుంటారు. అలవాటు పడేది శరీరం కాదు, బ్యాక్టీరియా. అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, వార్డులో ఒక మంచం నుంచి పక్క మంచానికి పోతుంది. జన్మలో ఒక్క మాత్ర వేసుకోనివాళ్లకీ అంటుతుంది. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్లనే 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని శాస్త్రవేత్తల అంచనా. వాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఐదేళ్లలోపు పిల్లలు. ఆ పిల్లలు ఎన్ని మాత్రలు మింగి ఉంటారు?

"రెండ్రోజులకే తగ్గిందిగా, మిగతావి దాచు, పిల్లాడికి పనికొస్తాయి" అనేది ఇంకొకటి. ఎన్ని రోజులు వాడాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. కొన్ని మూత్ర ఇన్ఫెక్షన్లకి మూడు నుంచి ఐదు రోజులు చాలు, క్షయకి సాధారణంగా ఆరు నెలలు కావాలి. ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మంచిదనేదీ నిజం కాదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, మధ్యలో ఆపాలనిపిస్తే ఆయన్నే అడగండి. మాత్రల అట్ట వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా వాడకూడని మందు. ఆ గీత గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం కూడా చేసింది. 2014 నుంచి కొన్ని బలమైన యాంటీబయాటిక్స్ అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ అడిగిన షాపతని మీద కోప్పడకండి, అతను మీ మేలే చూస్తున్నాడు.

ల్యాబుమనిషిగా నన్ను ఎక్కువ బాధపెట్టే సలహా, "ముందు మందు మొదలుపెట్టు, తగ్గకపోతే టెస్టు చేయిద్దాం" అన్నది. నాలుగు డోసులు పడ్డాక తెచ్చిన శాంపిల్‌లో చాలాసార్లు ఏమీ మొలవదు. జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే దారి మూసుకుపోతుంది. డాక్టరు కల్చర్ రాస్తే మొదటి డోసుకి ముందే శాంపిల్ ఇవ్వండి. ప్రాణం మీదకొచ్చిన జ్వరమైతే మందు ఆపమని కాదు, సూది వేసే ముందు రక్తం తీయమని అడగండి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, ఓపిక పట్టండి.

మందులకి లొంగని బ్యాక్టీరియా పచ్చి మాంసంతో వంటింట్లోకీ రావచ్చు. అక్కడ వినిపించే సలహా సగం నిజం: "ఉడికిస్తే అన్నీ చస్తాయి." కూరలో చస్తాయి, నిజమే. కత్తిపీట మాటేమిటి? చికెన్ కోసిన కత్తిపీటని నీళ్లతో అలా కడిగి, దాని మీదే ఉల్లిపాయ, నిమ్మకాయ కోసి పళ్లెంలో పచ్చిగా పెడతాం. చికెన్‌ని కుళాయి కింద పెట్టి కడిగితే తుంపరలు సింకు పక్కనున్న గ్లాసుల మీదా పడతాయి. కడగాలనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడగండి. పచ్చిగా తినేవి ముందు కోసుకోండి, మాంసం చివర్లో. ఆ తర్వాత కత్తిపీటనీ చేతుల్నీ సబ్బుతో రుద్దండి.

రైతులకి చెప్పే సలహాలదీ ఇదే దారి. రొయ్యలకి తెల్లమచ్చ వచ్చిందని చెరువులో యాంటీబయాటిక్ కలపమంటారు. అది వైరస్ జబ్బు, మందు దండగ, పైగా ఎగుమతిలో సరుకు వెనక్కి వస్తుంది. పొదుగువాపుకి సూది వేసిన గేదె పాలు డాక్టరు చెప్పిన గడువు తీరకముందే పాల కేంద్రానికి పోస్తే, కాచినా అందులోని చాలా మందులు పోవు. ఇక "కోడి త్వరగా పెరగాలంటే దాణాలో కొంచెం కొలిస్టిన్ కలుపు" అన్న సలహా ఎంత దూరం పోయిందో చూడండి. కొలిస్టిన్ పాత మందు, మూత్రపిండాలకి ముప్పు ఉన్నా ఇంకేదీ పనిచేయనప్పుడు ఐసీయూలో ఆఖరి ఆశగా వాడేది. దాన్ని ఓడించే ఎంసీఆర్-1 అనే జన్యువుని చైనా శాస్త్రవేత్తలు 2015లో బయటపెట్టారు. వాళ్లు చూసిన ఈ.కోలైలో ఆ జన్యువు పందుల్లో 21 శాతం, పచ్చి మాంసంలో 15 శాతం, ఆసుపత్రి రోగుల్లో సుమారు ఒక శాతం దొరికింది. దొడ్డి, మాంసం కొట్టు, వార్డు మంచం, మూడు చోట్లా అదే. చైనా 2017లో పశువులు త్వరగా పెరగడానికి మేతలో కొలిస్టిన్ కలపడం ఆపేసింది. ఆ తర్వాత చూస్తే పశువుల్లోనూ మనుషుల్లోనూ ఆ జన్యువు బాగా తగ్గింది. మన దేశంలో 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకి, కోళ్లకి కొలిస్టిన్ నిషేధించారు. కోళ్లఫారం ఉన్నవాళ్లు దాణా బస్తా మీద రాసింది ఒకసారి చదవండి.

మీ ఇంట్లో మందుల డబ్బాని ఈ పూటే తీసి చూడండి. ఎర్ర గీత ఉన్న సగం అట్ట కనిపిస్తే, ఎంత దగ్గరివాళ్లు అడిగినా వాళ్ల జ్వరానికి దాన్ని ఇవ్వకండి.