సభాస్థలాన్వేషణ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: స్థలమును వెదకుము. పేరుతోనైనను, అక్షాంశ రేఖాంశములతోనైనను, ఐపీ చిరునామాతోనైనను వెదకుము. దొరికినవి పుటకు యాభై.

అవతారిక: జిల్లాలో ఏ ఊళ్లో ఏ సభ, ఏ నాటకం, ఏ భజన ఉందో ఫోన్లో చూపించే యాప్ చేస్తామని మా వీధి కుర్రాళ్లు పూనుకున్నారు. "అదంతా ఎవర్నీ అడగబల్లేదు సార్, ఏపీఐ ఉంది. అడిగితే వెన్యూతో సహా అదే ఇస్తాది" అన్నారు. మా అనంతపురం లలితకళా పరిషత్తు హాలుని కూడా వాళ్లు వెన్యూ అనే అంటారు. ఆ ధీమా చూశాకే ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను. లండన్‌లో 2007లో మొదలైన సాంగ్‌కిక్ అనే కచేరీల సంస్థ ప్రచురించిన ఆ ఏపీఐ, అంటే ఒక యాప్ ఇంకొక యంత్రాన్ని సమాచారం అడిగే పద్ధతి, పై సూత్రానికి ఆధారం. అందులో ఊళ్లు వెదకడానికి ఒక ద్వారం, వేదికలు వెదకడానికి ఇంకొక ద్వారం.

ప్రతిపదార్థం: సులభం కనుక విడిచిపెట్టాం.

విశేషం: "పేరుతోనైనను" అన్నచోట వ్యాఖ్యాత నిలబడక తప్పదు. కాళిదాసు మేఘదూతంలో, అలకాపురిలోని భార్యకు మేఘంతో కబురు పంపిన యక్షుడు ప్రవాసమున్నది రామగిరి మీద. ఏ రామగిరి? అక్కర్లేని మాట రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి చిత్రకూటమని తేల్చేశాడు. ఈ కాలపు పండితుల్లో చాలామంది నాగపూరు దగ్గరి రామ్‌టెక్ అంటారు. ధర్మవరం అవతల మాకూ ఒక రామగిరి ఉంది. ఒకప్పుడు బంగారు గని, ఇప్పుడు కొండల మీద గాలిమరలు. కాళిదాసుకు మా రామగిరి తట్టకపోవడానికి నాకు తోచిన కారణం ఒక్కటే: కావ్యం ముందుకు సాగాలంటే కొండను ఆనుకొని మేఘం ఉండాలి. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటుంది. ఈశాన్య మేఘం తూర్పుతీరం తడిపి, మా దాకా వచ్చేసరికి వట్టి నీడ. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చిల్లర. మా యక్షుడికి మేఘం దొరికినా దాన్ని అలకాపురికి పంపేవాడు కాదు, భార్య సంగతి తర్వాత చూద్దువులే, ముందు శెనక్కాయ చేను మీద దిగమని కాళ్లు పట్టుకునేవాడు.

అయినా దారి చెప్పడమంటే యక్షుణ్ణి చూసి నేర్చుకోవాలి. నదులు, కొండలు, ఏ గుడిలో ఏ వేళకు పూజ, ఎక్కడ దిగి నీళ్లు తాగాలి. ఉజ్జయిని దారిలో లేకపోయినా చుట్టు తిరిగి చూసి పొమ్మన్నాడు. రామగిరి నుంచి అలక దాకా ఒక్క దశాంశ బిందువు లేదు. మన శాసనాల్లోనూ అంతే. పొలం దానమిస్తే తూర్పున ఫలానా గుట్ట, పడమట ఫలానా చెరువు అని ఎల్లలు చెక్కేవాళ్లు. గుట్ట ఇంకా ఉంది. చెరువు సంగతి అడక్కండి.

ఇంతకీ సూత్రం దగ్గరికి వద్దాం. రాయదుర్గం అని వెదికితే జీన్సు ప్యాంట్లు కుట్టే మా రాయదుర్గమా, మెట్రో రైలు ఆగే హైదరాబాదు రాయదుర్గమా? యంత్రానికి మల్లినాథుడి తెగువ లేదు. కనుక రెండూ చూపించి ఊరుకుంటుంది, లేదా పెద్ద ఊరివైపు మొగ్గుతుంది.

పూర్వపక్షం: అక్షాంశాలిస్తే పేచీ ఉండదు కదా?

సమాధానం: 14.68, 77.60 ఇచ్చామనుకోండి. అది అనంతపురమే, కాదనం. కానీ ఈ శాస్త్రంలో కార్యక్రమాలు ఊరి కింద కాదు, "మెట్రో ఏరియా" కింద నమోదవుతాయి. ప్రతి ఊరూ ఏదో ఒక మహానగరం సంఖ్యకు తగిలించబడి ఉంటుంది. మాకు దగ్గరి మహానగరం రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న బెంగళూరు. ఇక ఐపీ చిరునామా దారి పడితే, గుత్తిలో కూర్చుని అడిగినవాణ్ణి సెల్ కంపెనీ వాళ్ల లెక్క హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చోబెట్టగలదు.

ఇక్కడ కొంచెం కోపం వస్తుంది, క్షమించాలి. ఈ లెక్క మాకు కొత్త కాదు. శెనక్కాయ వాతావరణ బీమాలో వాన కొలిచేది మండలానికో కేంద్రం దగ్గర. అక్కడ జల్లు పడితే, పది కిలోమీటర్ల అవతల ఎండిన చేను కూడా కాగితం మీద తడిసినట్టే. రైతు మట్టి చేతిలో పట్టుకుని వచ్చి చూపించినా, కొలిచే గొట్టంలో నీళ్లున్నాయిగా అంటారు. దగ్గరి బిందువు దగ్గర ఉన్నదే అందరికీ ఉన్నట్టు, అక్కడ లేనిది ఎవరికీ లేనట్టు. ఈ తర్కం బీమా ఆఫీసులో పుట్టిందో, లండన్‌లో పుట్టిందో, వ్యాఖ్యాతలు తేల్చాలి.

"వేదిక" ద్వారం గురించి క్లుప్తంగా: టికెట్టు ఉన్నచోటే వేదిక ఉంటుందని ఈ సంప్రదాయం. నార్పల దగ్గర గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి పీర్లు లేస్తాయి, హిందువులూ ముస్లిములూ కలిసి నిప్పుల గుండం తొక్కుతారు. ఆ జనాన్ని పట్టే హాలు జిల్లాలో లేదు. టికెట్టు లేదు కనుక అది కార్యక్రమం కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లు ఏ ఊళ్లో తెర కడితే అదే వేదిక, తెల్లారేసరికి అదీ ఉండదు. కదిరి తేరు నాలుగు వీధులూ తిరుగుతుంది. దానికి ఏ అక్షాంశం ఇవ్వాలి?

ఫలితం: కుర్రాళ్లు అడిగారు, జవాబు వచ్చింది. "స్టేటస్: ఓకే. మొత్తం: సున్న." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఎలా ఇముడుతాయని వాళ్లు నన్ను అడిగారు. ఆ సమన్వయం మీమాంసకులకు వదిలేశాను.

సంప్రదాయంలో ఒక సదుపాయం మాత్రం ఉందని ఒప్పుకోవాలి: తెలియనప్పుడు అక్షాంశ రేఖాంశాల గడి ఖాళీగా వదిలేయవచ్చు. మా వాళ్లిప్పుడు సొంతంగా పట్టిక రాసుకుంటున్నారు. పోస్టర్లు చూసి, ఆటోవాళ్లనడిగి, సాహితీసంస్థల పెద్దలకు ఫోన్లు చేసి. గడి ఖాళీగానే ఉంది. చిరునామా దగ్గర "సప్తగిరి సర్కిల్ నుంచి లోపలికి, టీ అంగడి సందులో, మేడ మీద" అని ఉంది. టీ అంగడి మారితే మార్చాలి సార్ అన్నారు, మార్చండి అన్నాను.