సీలు మార్చారు సరే, గాడి చూశారా?

పాత స్పోర్ట్స్ కారు గేర్‌బాక్సు నుంచి ఆయిల్ కారుతోందంటే మా రోజుల్లో మేస్త్రి అడిగే మొదటి మాట “ఎందుకు కారుతోంది?” ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లినా “సీలు మార్చేద్దాం” అంటారు. మార్చడం తప్పని కాదు. పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది కొట్టేస్తే, నాలుగు వానలు పడకముందే మళ్లీ అదే చోట అదే మరక. బెంగళూరులో ఈ మాట చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

మాది మదనపల్లె పక్క. జాలహళ్లి హెచ్ఎంటీలో మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. వారమంతా మైక్రోమీటరుతో గడిపి, ఆదివారం వస్తే విల్సన్ గార్డెన్‌లో మా పుంగనూరు మేస్త్రి షెడ్డులో ఉండేవాణ్ణి. అక్కడ ఎక్కువగా అంబాసిడర్లు, ఫియట్లు. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక స్టాండర్డ్ హెరాల్డ్, అదృష్టం బాగుంటే ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొత్తి గీసిన హెరాల్డ్ ఇంగ్లండులో 1959లో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు ఇక్కడే తయారు చేశారు. ఆ ఛాసీనే కురచ చేసి, రెండు సీట్ల బాడీ వేసి 1962లో స్పిట్‌ఫైర్ తెచ్చారు. అందుకే హెరాల్డ్ గేర్‌బాక్సు పని తెలిసినవాడికి స్పిట్‌ఫైర్ కొత్త కాదు. విదేశీ సామాను రావాలంటే లైసెన్సు కావాల్సిన రోజుల్లో, లండన్ నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసే మాకు స్పేర్ పార్ట్స్ కొట్టు. ఆ రోజుల్లో ఈ రెండు బళ్ల పోలిక ఎంత ఆదుకుందో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఈ గేర్‌బాక్సును కిందికి దించే పని లేదు. సీట్లు తీసి, కార్పెట్ ఎత్తి, మధ్యలో టన్నెల్ కవర్ విప్పితే కారు లోపలే కనబడుతుంది. ఇంజన్ వాలిపోకుండా సంపు కింద చెక్క పెట్టి జాకీ ఎత్తి, గేర్‌బాక్సును వెనక్కి లాగి తలుపులోంచి బయటికి తీస్తాం. వెనక సీలు ఒక్కటే అయితే అంత శ్రమ కూడా లేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు బోల్టులూ విప్పి, నట్టు తీసి, ఫ్లాంజ్ లాగేస్తే సీలు ఎదురుగా ఉంటుంది.

చిక్కంతా ముందు వైపు కారితేనే. బెల్ హౌసింగ్ అడుగున చుక్క వేలాడుతోంది. అది గేర్ ఆయిలా, ఇంజన్ ఆయిలా? మేస్త్రి ఆ చుక్కను వేలికి తీసుకుని, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తొంభై నంబరు గేర్ ఆయిల్ జిగటగా సాగుతుంది, గంధకం వాసన కొడుతుంది. ఇంజన్ ఆయిల్ పల్చగా, నల్లగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ అయితే గేర్‌బాక్సు జోలికి పోయి లాభం లేదు, తప్పు క్రాంక్ వెనక ఉంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇవాళ ఎంతమంది వేలు పెట్టి చూస్తున్నారు?

సీలు అంటే ఏముంది? ఉక్కు రింగు, దానికి అతికిన నైట్రైల్ రబ్బరు పెదవి, ఆ పెదవిని అదిమిపట్టే సన్నటి స్ప్రింగు. స్ప్రింగు వైపు ఆయిల్‌కు ఎదురుగా ఉండాలి. పెదవికి ఆయిల్ రాసి మరీ వెయ్యాలి. పొడిగా వేస్తే తిరిగిన మొదటి నిమిషంలోనే కాలుతుంది. మా మేస్త్రి తీసిన సీలును పారేయనిచ్చేవాడు కాదు. వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసేవాడు. పెదవి గట్టిపడి పగిలితే వేడి, లేదా వయసు. ఒక పక్కే అరిగితే షాఫ్ట్ నడిమికి లేదు, బేరింగు చూడాలి. స్ప్రింగు జారిపోతే, ముందు వేసినవాడు వంకరగా కొట్టాడు. “పాతది చూడకుండా కొత్తది అడగొద్దురా” అని పిల్లోళ్లను కసిరేవాడు.

తర్వాత ఫ్లాంజ్ మెడను డీజిల్‌తో కడిగి గోటితో అడ్డంగా గీసేవాడు. గోరు తట్టుకుంటే గాడి పడినట్టే. ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే రబ్బరు ఇనుమును కూడా తింటుంది. ఆ గాడి మీదే కొత్త పెదవి కూర్చుంటే ఆయిల్ ఆగదు. అందుకని చోటుంటే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలికి కూర్చోబెట్టి, పెదవి నున్నటి చోట ఆనేలా చేసేవాడు. లేత్ మీద పాలిష్ పట్టాల్సి వస్తే నన్ను పిలిచేవాడు. ఎమెరీని పక్కకు జరుపుతూ పట్టామా, మరలాంటి సన్నటి గీతలు పడి, తిరిగినప్పుడల్లా ఆయిల్‌ను అవే బయటికి తోస్తాయి. ఎమెరీ ఒక్కచోటే నిలవాలి.

జేసీ రోడ్డులో అప్పుడు కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన పాత సీలు చేతికివ్వగానే వెర్నియర్ తీసేవాడు. లోపలి కొలత, బయటి కొలత, మందం. ఆ మూడూ తెలిస్తే ట్రాక్టరుదో, లారీదో, ఏదో ఒక డబ్బాలోంచి సరిపోయేది తీసేవాడు. ఇంగ్లీషు బళ్లు అంగుళాల లెక్క. ఒకటింపావు అంగుళమంటే 31.75 మిల్లీమీటర్లు. దానికి 32 చాలన్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు, “పావు మిల్లీ వదులుంటే ఆయిల్ ఎక్కడ ఆగుతుంది?” అనేవాడు. ఇప్పుడదే రోడ్డులో “బండి పేరు, మోడల్ చెప్పండి” అంటారు. పేరు కంప్యూటర్లో లేకపోతే సరుకు లేనట్టే. లేదంటే 32 చేతిలో పెట్టి “అదే సార్” అంటారు. వెర్నియర్ డ్రాయర్లో కూడా లేదు.

మొన్న మా అన్న మనవడి స్పిట్‌ఫైర్‌తో ఇదే జరిగింది. అద్దాల గదీ, కాఫీ మెషినూ ఉన్న పెద్ద వర్క్‌షాపులో ఇచ్చాడు. ఇంగ్లండు నుంచి కొరియర్‌లో వచ్చిన అసలు సీలే వేశారు. కారింది. మళ్లీ మార్చారు, మళ్లీ కారింది. “తాతా, నువ్వొచ్చి చూడు” అన్నాడు. ఫ్లాంజ్ మీద గోరు పెట్టాను. అంత లోతు గాడి ఇన్నిసార్లు విప్పినవాళ్ల కంట పడలేదంటే నాకు కోపం రాదా? వాళ్లకు చెయ్యి రాక కాదు. ఒక్కో పనికి ఇన్ని నిమిషాలని కట్టిపెట్టారు. చూడ్డానికి, ఆలోచించడానికి బిల్లులో లైను లేదు.

ఈ రోజుల్లో ఒక మంచి వస్తువు వచ్చింది, ఒప్పుకుంటాను. గాడి పడిన చోట తొడిగే స్టెయిన్‌లెస్ స్లీవు. మందం 0.28 మిల్లీమీటర్లే, సీలు సైజు కూడా మార్చనక్కర్లేదు. మా మేస్త్రికి అది దొరికుంటే చేతులెత్తి మొక్కేవాడు. మనవడి బండికి అదే తొడిగించాను. కానీ ఆ స్లీవు కావాలని తెలియాలంటే ముందు గాడి కనబడాలి కదా!

ఆయిల్ సంగతీ అంతే. కొత్తదంటే మంచిదని జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసేస్తున్నారు. అందులోని గంధకం మందులు పాత సింక్రో రింగుల ఇత్తడిని తింటాయి. ఈ బాక్సుకు జీఎల్-4 పోయాలి, అదీ లెవెల్ ప్లగ్గు దాకానే. ఎక్కువ పోస్తే ఎంత మంచి సీలైనా కక్కుతుంది. మనవడి బండిలో వెనక బేరింగు కూడా కాస్త ఆడుతున్నట్టు నా చేతికి తగిలింది. షాఫ్ట్ పైకీ కిందికీ కదిలితే స్లీవూ నిలవదు, సీలూ నిలవదు. ఆ బేరింగు సంగతి చూడ్డానికి వచ్చే ఆదివారం సీట్లు విప్పి పెట్టమన్నాను. వాడు సరేనన్నాడు, స్పానర్లు మాత్రం నేనే తెస్తానని చెప్పాను, అంగుళాలవి వాడి దగ్గర లేవు.