ఎవరినీ నొప్పించని పెద్దమనిషి

కనీస వేతనాల చట్టం గారు 2025 నవంబరు 21న కాలం చేశారు. 1948 మార్చిలో పుట్టారు కాబట్టి నిండు జీవితమే. ఆయనతోపాటు వేతన చెల్లింపు, బోనస్, సమాన వేతన చట్టాలు కూడా అదే రోజున వెళ్లిపోయాయి. 2019లోనే పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్, ఆరేళ్లు అటక మీద పడుకుని లేచి, నలుగురి ఆస్తినీ తన పేర రాయించుకుంది.

సంతాప సభ తెలంగాణలో ఒక ఊరి రైతు వేదికలో పెట్టారు. కూలీల వేదికలో పెడితే బాగుండేదని ఎవరో అన్నారు గానీ, అలాంటిది ఇంకా ఎక్కడా కట్టలేదట. సభ ఉదయం పదకొండు గంటలకు. ఆ వేళకు కూలీలంతా పత్తి చేలల్లో ఉంటారు గనక ప్రశాంతంగా సాగింది. వచ్చిన కూలి మనిషి ఒక్కతే, ఒక ముసలమ్మ. కాలికి ముల్లు దిగి చీము పట్టడంతో పనికి పోలేక వచ్చింది. పొలం పనికి ఈఎస్‌ఐ లేదు, జీతంతో సెలవు లేదు. కాబట్టి సభకు హాజరయ్యే తీరిక ఆమెకు పుష్కలంగా దొరికింది.

అధ్యక్షత వహించిన పాతిక ఎకరాల ఆసామి గద్గద స్వరంతో మొదలుపెట్టారు. "ఆయన మా నాన్న హయాంలో మా గడప తొక్కలేదు, నా హయాంలోనూ తొక్కలేదు. హాజరు పట్టీ పెట్టమన్నారు, కూలి చీటీ ఇవ్వమన్నారు. రెండూ చెయ్యలేదు. ఒక్క మాట అన్నారా? ఐదేళ్లు దాటకుండా రేట్లు సవరించమని సర్కారుకు చెప్పారు. సర్కారు ఆలస్యం చేస్తే అలిగారా? ఇక సమాన వేతనం గారైతే సాక్షాత్తూ భూదేవి. మగకూలి ఇంత, ఆడకూలి ఇంత అని రచ్చబండ మీదే తేల్చేవాళ్లం. 1976 నుంచీ వింటూనే ఉన్నారు, చెవిన పెట్టుకోలేదు."

కార్మిక శాఖ అధికారి లేచారు. "ఆయనకు కోపం వచ్చినా పద్ధతిగానే వచ్చేది. తక్కువ కూలి ఇచ్చినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదొందల దాకా జరిమానా, లేదా రెండూ అని రాసుకున్నారు. కూలికి కరవు భత్యం కలుపుకోమన్నారు గానీ జరిమానాకు కలపలేదు. చివరి శ్వాస దాకా ఐదొందలు ఐదొందలే." వెనక వరసలో మేస్త్రీ వేళ్లు మడిచాడు. పది మందికి తలా యాభై కోస్తే జరిమానా మొదటి రోజే వచ్చేస్తుంది. రెండో రోజు నుంచి అంతా మిగులే.

లెక్కల మాస్టారు చరిత్ర అందుకున్నారు. కూలి కుటుంబానికి ఎంత కావాలో 1957లోనే భారత కార్మిక సమావేశం తేల్చింది. పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, పైన అద్దె, వంటచెరకు, దీపం. పిల్లల చదువుకూ వైద్యానికీ ఇంకో పాతిక శాతం కలపమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. రోజు కూలి కనీసం 375 రూపాయలుండాలని కేంద్రం వేసిన నిపుణుల కమిటీయే 2019 మొదట్లో తేల్చింది. అదే ఏడాది కేంద్రం ఉదారంగా స్పందించి, దేశమంతటికీ అడుగు రేటును 176 నుంచి 178 చేసింది. పెరిగిన రెండు రూపాయల్లో ఎన్ని కేలరీలు, ఎన్ని గజాలని మాస్టారు సభను అడిగారు. సభ రెండు నిమిషాలు మౌనం పాటించింది.

ఉపాధి హామీ గురించి చెప్పాల్సిన ఉద్యోగి కాస్త ఇబ్బంది పడ్డాడు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అది వెట్టే అని 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో సుప్రీంకోర్టు అంది. ఉపాధి హామీ చట్టం మాత్రం, 1948 చట్టంలో ఏమున్నాసరే కూలి రేటు కేంద్రమే నిర్ణయించవచ్చని ఆరో సెక్షన్‌లో ముందే రాసుకుంది. ఆ రేటు మన రెండు రాష్ట్రాల్లో 2024-25లో 300, మరుసటి ఏడాది 307. పొలాల యజమానుల మీద నింద వేసే ముందు పెద్ద యజమానిని చూడండని ఆసామి గర్వంగా తలెత్తారు.

అధికార పక్షం నాయకుడు ఊరుకోలేదు. "భూమి లేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇచ్చేందుకు 2025 జనవరి 26న ఆత్మీయ భరోసా పెట్టాం కదా!" నిజమే. అదే రోజున రైతు భరోసాలో సాగుభూమికీ ఏడాదికి 12 వేలు ప్రకటించారు. అయితే అది ఎకరానికి, ఇది ఇంటిల్లిపాదికి. పైగా కూలి కుటుంబం 2023-24లో ఇరవై రోజులైనా ఉపాధి పనికి వెళ్లినట్టు చూపించాలి. నిరుడు ఎన్ని రోజులు పండావని ఎకరాన్ని మాత్రం ఎవరూ అడగరు.

మూలన కూర్చున్న కౌలు రైతు లేచాడు. "నా పత్తికి మద్దతు ధర దక్కదు. రైతు భరోసా పట్టాదారుకు పోతుంది. కౌలు ముందే కట్టాను. ఆమెకు కనీస కూలి ఎక్కణ్ణుంచి తేను?" సభలో పొగడ్త లేకుండా వినిపించిన మొదటి మాట అదే కావడంతో మైకు వెంటనే మరమ్మతుకు వచ్చింది.

ముసలమ్మ పక్కవాణ్ణి అడిగింది. "ఎవరయ్యా పోయింది?"

"మీ చట్టమే పెద్దమ్మా. మీకు కూలి ఇప్పించేటాయన."

"నాకెన్నడు అగుపడలే. మా కూలి పెంచింది నాట్లు బిడ్డా. వానలు పడి అందరి మడులు ఒక్కపారే తయారైతే, చీకట్లనే మా వాడకు ఆటోలొస్తయి. ఆ పది దినాలల్ల యాభై ఎక్కువడిగినా ఇస్తరు. లేకుంటే ఉపాధి పనికి పోతమని తెల్వదా వాళ్లకు?"

అధికారి ముఖం వెలిగిపోయింది. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం గురించి చెప్పారు. వంద రోజుల పని 125 రోజులవుతుంది. అయితే విత్తు వేసే రోజుల్లో, కోతల రోజుల్లో కలిపి ఏడాదికి అరవై రోజులు ఆ పనులు ఆపేస్తారు, పొలాలకు కూలీల కొరత రాకుండా.

"అంటే మాకు గిరాకున్నప్పుడే బందు పెడ్తరా?" అంది ముసలమ్మ.

అధ్యక్షుల వారు చప్పట్లు మొదలుపెట్టారు. కూలీల పేరిట వచ్చిన చట్టాల్లో ఊరూరా, ఒక్క రోజు తేడా లేకుండా, తనిఖీ అధికారి అవసరమే రాకుండా అమలయ్యే సెక్షన్ ఇన్నాళ్లకు ఒకటి దొరికిందని సభ ఏకగ్రీవంగా హర్షం ప్రకటించింది.