‘ఏం గాదు’ వాక్యానికి నస్పూరీయ వ్యాఖ్య

మూలం: “అన్నా, ఆఫ్టర్‌బర్నర్ ఏస్కో. కోర్‌కు 150, మెమరీకి 500 కొట్టు. సేఫే, ఏం గాదు.”

అవతారిక: నస్పూర్ కాలనీల్లో గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్న ప్రతివాడికీ వారం తిరక్కముందే, ఆఫ్టర్‌బర్నర్‌తో గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచుకోమని ఈ ఉపదేశం అందుతుంది. ఉపదేశకుడికి మీసాలింకా సరిగా రాలేదు, కంఠంలో మాత్రం ధర్మశాస్త్రం పలుకుతుంది. మన మెతుకుసీమ కొల్చారం పండితుడు మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఒట్టుపెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టులో మొదటి సగమే పెట్టుకున్నాడు.

టీక: ‘అన్నా’, ‘ఆఫ్టర్‌బర్నర్’, ‘కోర్’, ‘మెమరీ’: సుగమం.

‘150’: మెగాహెర్ట్జ్ అని అధ్యాహారం. ఒకే మోడలైనా రెండు చిప్‌లు ఒకే వేగాన్ని తట్టుకోవు కదా అని ఆక్షేపం. వాక్యకర్త తన చిప్‌ను చూసి చెప్పాడని సమాధానం. మరి నా చిప్ సంగతి? మూలం మౌనం. కొంచెం కొంచెంగా పెంచాలి, పెంచినప్పుడల్లా బరువైన గేమ్ చాలాసేపు ఆడించి చూడాలి, తెర మీద రంగుచుక్కలు రాలినా డ్రైవర్ కూలినా వెనక్కి రావాలి అన్న విధివాక్యం ఇక్కడ లుప్తమైంది. మెమరీ మరీ పెంచితే కార్డు పడిపోకుండానే తప్పులు దిద్దుకోవడంలో మునిగి ఫ్రేములు తగ్గే సందర్భం కూడా ఉంది. అదీ లుప్తమే.

‘సేఫే’: ఇక్కడ కాస్త ఆగాలి. ఆర్కే బొగ్గు గనుల్లో షిఫ్టు చేసిన వాళ్లున్న ఊళ్లో ఈ మాట తేలిగ్గా అనకూడదు. గనిలో సేఫ్ అంటే ముందు గాలి. ఇంటేక్ దారిన దిగిన గాలి బొగ్గు తవ్వే ఫేసుల మీదుగా తిరిగి రిటర్న్ దారిన పోవాలి. పైనున్న పెద్ద ఫ్యాన్ దాన్ని లాగుతుంది. మధ్యలో అడ్డదారి పట్టకుండా స్టాపింగులు కడతారు, తలుపులు పెడతారు, ఫేసు దాకా గాలిని మళ్లించడానికి బ్రాటిస్ గుడ్డ కడతారు. బొగ్గు గనుల నిబంధనల లెక్క ఇంకా ముచ్చటైంది: మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజు ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది. అంటే బొగ్గు పెంచుతానన్నవాడు ముందు గాలి చూపించాలి. ఆ గాలీ చవక కాదు. ఉన్న దారిలోనే రెట్టింపు గాలి పంపాలంటే పీడనం నాలుగింతలు, ఫ్యాన్‌కు శక్తి ఎనిమిదింతలు కావాలి. ఈ లెక్కకు దారి వేసిన ఆట్కిన్సన్ 1854లోనే గనుల గాలి మీద శాస్త్రం రాశాడు. తడిబల్బు ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు దాటితే గాలి సెకనుకు కనీసం మీటరు వేగంతో కదలాలి, 33.5 దాటనే కూడదు. ఇంత చక్కని శాస్త్రం...

దేని గురించి చెబుతున్నాం? ఆ, ల్యాప్‌టాప్. అక్కడా ఇదే ఘనం లెక్క. చిప్ శక్తి వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం కోసం వోల్టేజీ కూడా అదే పాళ్లలో పెంచాల్సి వస్తే ఎనిమిదింతల దారే. పెద్ద డబ్బాలో కార్డుకు సొంత ఫ్యాన్లుంటాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం చాలా మోడళ్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే రాగిగొట్టాలను పంచుకుంటాయి. పవర్ లిమిట్‌కు చాలా కంపెనీలు తాళం వేస్తాయి. 2015లో ఎన్‌విడియా ల్యాప్‌టాప్ ఓవర్‌క్లాకింగ్‌ను డ్రైవర్‌లోనే మూసేసి, కొన్నవాళ్లు గోల చేశాక మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ఇక నా గోల. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లు. మే నెల, 45 డిగ్రీలు. ల్యాప్‌టాప్ బొంత మీద. కింది మూత విప్పి చూస్తే ఫ్యాన్ వెనక రేకుల సందుల్లో దుమ్ము నల్లటి కంబళిముక్కలా పేరుకొని ఉంది, గోటితో లాగితే ఒక్కటిగా ఊడొచ్చింది. రిటర్న్ దారి మూతపడింది. ఈ స్థితిలో 150 కొడితే కార్డు వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము దులపమని, ఎండిన పేస్టు మార్చమని ఒక్క ఉపదేశకుడైనా చెప్పాడా? అందులో గొప్ప లేదు కదా! అదే ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. అదే వేగాన్ని తక్కువ వోల్టేజీతో నడిపిస్తే వేడి తగ్గుతుంది, మిగిలిన వెసులుబాటులో కార్డు తానే పైకి పోతుంది. ఈ పని చేసినవాడు వీధిలో చెప్పుకోవడానికి అంకె ఉండదు. అందుకే ఎవడూ చెప్పడు.

‘ఏం గాదు’: అభావం నాలుగు విధాలని తార్కికులు. అన్యోన్యాభావం ఇక్కడ పొసగదు. అత్యంతాభావమంటే మూడు కాలాల్లోనూ ఏమీ కాకపోవడం; కార్డు చేసిన కంపెనీయే అంత మాట అనదు. ప్రధ్వంసాభావం పోయినదాని లేమి; వారంటీ ప్రకరణంలో చూసుకోవచ్చు. మిగిలింది ప్రాగభావం, కుండ పుట్టకముందు కుండ లేకపోవడం. కనుక ‘ఏం గాదు’ అంటే ‘ఇంకా కాలేదు’ అని అన్వయం.

పాఠాంతరం: ‘జర గరమైతది, అంతే’ అని శ్రీరాంపూర్ ప్రతిలో ఉంది. ‘అంతే’ ప్రక్షిప్తం, తక్కినది గ్రాహ్యం.